వెనక ఇరుసు

మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం: నేను, మా మామయ్య, కారు. ముగ్గురిలో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. నవ్వితే నవ్వండి కానీ, ఆ రోజుల్లో నాకు కాస్త బదులు పలికినట్టు అనిపించింది కారు ఒక్కటే. స్టార్ట్ చేస్తే కనీసం దగ్గేది.

అది ఇంగ్లండులో తయారైన పాత కారు. పొడుగు ముక్కు, రెండు తలుపులు, రెండే సీట్లు. వేగంగా పరిగెత్తడానికి తప్ప సంసారానికి పనికొచ్చే బండి కాదు. జాగీర్లు పోయాక నాంపల్లిలో ఒక నవాబుగారి దేవిడీ వాళ్ళు ఇంట్లో సామానంతా ఒక్కొక్కటే అమ్ముకుంటుంటే మా ఆయన వెళ్ళి దాన్ని కొనుక్కొచ్చారు. ఆయన రోడ్ల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. పొద్దస్తమానం కాగితం మీద రోడ్లు గీసే మనిషికి సాయంత్రానికి నిజం రోడ్డు మీద పరిగెత్తాలని ఉండేదేమో. తెచ్చిన రోజు మా అమ్మ బేగం బజార్ నుంచి రిక్షాలో వచ్చి చూసి, "ఇద్దరికే జాగా ఉన్నది. రేపు పిల్లలైతే ఏడ కూసుంటరు బిడ్డా?" అంది. ఆ ఇబ్బంది మాకు రాలేదు. పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్ళకు ఆయనే కామెర్లతో పోయారు. దవాఖానలో చేర్చాక పట్టుమని పది రోజులు కూడా లేరు.

మామయ్యది నల్లగొండ వైపు ఒక పల్లె. జీవితమంతా ఎడ్లబండి మీద గడిపిన మనిషి. వడ్లు, ఆముదాలు, ఇటుకలు, ఎవరు ఏది తోలమంటే అది తోలేవారు. అత్తయ్య పోయాక కొడుకు బలవంతం మీద నాంపల్లికి, మా కిరాయి ఇంటికి వచ్చారు. మా పద్ధతిలో కోడలు మామగారి ఎదుట కూర్చోదు, ముఖం చూసి మాట్లాడదు. ఆయనా నాతో నేరుగా మాట్లాడరు. కాబట్టి మా ఇంట్లో మాటలన్నీ మా ఆయన మీదుగా నడిచేవి. మామయ్య చేయి చాస్తే అందేంత దూరంలో పీట మీద కూర్చుని ఉన్నా సరే, నేను మా ఆయన వైపు తిరిగి, "మామయ్యకు ఇంకింత పప్పు కావాల్నేమో అడుగుండ్రి" అనేదాన్ని. ఆయన అడిగే లోపే మామయ్య, "సాలని చెప్పురా" అనేవారు. "నేనేమన్న టెలిఫోన్ తీగనా మీకు?" అని మా ఆయన నవ్వేవారు.

ఆయన పోయాక ఆ పద్ధతి అట్లాగే ఉండిపోయింది, మధ్యలో మనిషి మాత్రం లేడు. నేను తలుపుతో మాట్లాడేదాన్ని. మామయ్య పిల్లితో మాట్లాడేవారు. "అన్నమయింది" అని నేను తలుపుకు చెబితే, ఆయన వచ్చి పీట మీద కూర్చునేవారు. "చింతపండు ఎక్కువ పడ్డట్టున్నది" అని ఆయన పిల్లికి చెబితే, మర్నాడు నేను తగ్గించేదాన్ని. ఆ పిల్లి మాది కూడా కాదు, పక్కింటి వాళ్ళది. దానికి మా ఇంటి గుట్లన్నీ తెలుసు.

ఏడాది మాసికం రోజు మా పెద్దన్నయ్య వచ్చాడు. బేగం బజార్‌లో మా వాళ్ళది పప్పుల దుకాణం. కార్యం అయ్యాక వసారాలో నిలబడి, పెద్ద గొంతుతో, నలుగురూ వినేట్టే చెప్పాడు.

"పెద్దమనిషి ఇంట్ల ఉన్నడు కాబట్టి నేనేమంటలేను. ఆయన ఊరికి పోయిండంటె ఆ దినమే వచ్చి నిన్ను తోల్కపోత. ఒంటి ఆడిది కిరాయి ఇంట్ల ఉంటె నలుగురు ఏమనుకుంటరు? జర ఆలోచన చెయ్యి."

అన్నయ్య చెడ్డవాడు కాదు. నా మీద ప్రేమ ఉన్నవాడే. ఆ ప్రేమ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మా పుట్టింట్లో వంటింటి పక్కన ఒక చీకటి గది ఉంది. మా మేనత్త చిన్న వయసులోనే బొట్టు పోగొట్టుకుని వచ్చి, ఆ గదిలో కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని కందిపప్పులో రాళ్ళేరుతూ ముసలిదైపోయింది. ఇంకో చాప పరవడానికి అందులో చోటుంది. నేను ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ గదిలోకి వెళ్తే బడి ఉండదు, నా తాళంచెవి ఉండదు, ఆదివారం ఉండదు. మామయ్య మా ఇంట్లో ఉన్నంత కాలమే నా బతుకు నాది.

అదొక్కటే కాదు, ఇంకోటీ ఉంది. మామయ్య దగ్గు అచ్చం మా ఆయన దగ్గులాగే ఉండేది. వసారాలో ఆయన దగ్గితే నేను వంటింట్లో గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేదాన్ని. ఆయన వెళ్ళిపోతే ఆ దగ్గు కూడా పోతుంది.

ఆయనను ఆ ఇంటికి కట్టేసి ఉంచింది నేను కాదు, కారు. రోజూ పొద్దున తడి గోనెపట్టాతో దాన్ని తుడిచేవారు, ఎద్దును తుడిచినట్టు. తుడిచాక ముక్కు మీద రెండు తట్లు తట్టేవారు. అది ఉన్న చోటు ఒకప్పుడు గుర్రబ్బండి పెట్టుకునే కొట్టం కాబట్టి ఆయనకు అక్కడ బాగుండేది. కారు కింద ఏ పురుగు దూరిందో, ఏ చక్రానికి గాలి తగ్గిందో పిల్లికి చెబుతూ ఉండేవారు.

మా ఆయన బతికున్నప్పుడే నాకు కారు నేర్పారు. ఆదివారం పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్ చుట్టూ ఉన్న రోడ్ల మీద, మనుషులు తిరగక ముందు. ఆయన పోయాక ఆదివారం పూట దాన్ని తీసి ఒక చుట్టు తిప్పి తెచ్చేదాన్ని, ఊరికే పడి ఉంటే పాడైపోతుందని. బొట్టు లేని ఆడది ఆ పొడుగు ముక్కు కారు తోలుకుంటూ పోతుంటే స్టేషన్ రోడ్డు మీద రిక్షావాళ్ళు కాళ్ళు ఆపి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ అనుకునేదాన్ని. మామయ్య మాత్రం నేను తిరిగొచ్చే దాకా గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడేవారు. ఎన్నడూ కారెక్కలేదు. ఎక్కితే కోడలి పక్కన, భుజానికి భుజం తగిలేట్టు కూర్చోవాలి. అంతకంటే బొంబాయి దాకా నడిచిపోవడం ఆయనకు సులువు.

అట్లా ఉండగా కారు వెనక నుంచి ఒక మోత మొదలైంది. ముందు సన్నగా, చెవి దగ్గర తుమ్మెద తిరిగినట్టు. పోను పోను ఏడుపులా తయారైంది. వేగం పెంచితే ఒక రాగం, కాలు తీస్తే ఇంకో రాగం. సందు మొదట్లో ఉండగానే మామయ్యకు తెలిసిపోయేది. నేను దిగి లోపలికి వెళ్ళాక, ఆయన నేల మీద వంగి, వెనక చక్రాల మధ్య ఇరుసును, దాని నడుమ గుమ్మడికాయంత ఉబ్బి ఉన్న ఇనుప గుండును చాలాసేపు చూసేవారు.

ఒకరోజు పిల్లితో, "ఆముదం ఉంటె మంచిగుండు" అన్నారు. మోకాళ్ళ నొప్పులకు కాబోలనుకుని బేగం బజార్ నుంచి ఒక సీసా తెచ్చి గడప మీద పెట్టాను. కొన్నాళ్ళకు మళ్ళీ అడిగారు, మళ్ళీ తెచ్చాను. విచిత్రం, ఆ రోజుల్లోనే కారు మోత తగ్గింది. తగ్గి, ఒక ఆదివారానికి దాదాపు లేకుండా పోయింది. దాని జబ్బు దానికే నయమైందనుకుని సంతోషపడ్డాను. మామయ్య ముఖం కూడా వెలిగింది. ఆ వారమంతా పిల్లికి మీగడ దొరికింది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం, మొజంజాహీ మార్కెట్ మలుపులో, వెనక రోలు పగిలినట్టు చప్పుడైంది. ఇంజను నడుస్తోంది, గేరు పడుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. పండ్ల దుకాణాల వాళ్ళూ రిక్షావాళ్ళూ కలిసి నాంపల్లి దాకా నెట్టుకొచ్చారు. చిల్లులు పడిన గుడ్డ టాపు కింద స్టీరింగ్ పట్టుకుని వానలో తడుస్తూ కూర్చున్న నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన పోయిన రోజు కూడా నలుగురి ముందు అట్లా ఏడవలేదు. నెట్టేవాళ్ళు నా ముఖం మీదవి వాన నీళ్ళే అనుకున్నారు.

ఆ మర్నాటి నుంచి మామయ్య కారును తుడవడం మానేశారు. గోనెపట్టా ఎండి చెక్కలా అయింది. ఆయన వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేవారు, అన్నం సగం తిని లేచేవారు. ఒక పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే పిల్లికి చెప్పారు.

"ఎడ్లు పోయినంక కొట్టంల మనిషికి ఏం పనే? ఊరికి పోతె నయం."

నేను గొడుగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తలుపుకేసి తిరిగి, "కారు మంచిగైతది, మేస్త్రిని పిలుస్త" అన్నాను. తలుపు ఏమీ అనలేదు.

గన్‌ఫౌండ్రీలో బ్యాంకుల వెనక సందులో ఒక మేస్త్రి ఉండేవాడు. మా ఆయనకు తెలిసినవాడు, దేవిడీల కార్లు చూసి చూసి తల నెరిసినవాడు. చేతికి ఎంత పనో నోటికి అంత పని. పాన్ బుగ్గన పెట్టుకుని మా కొట్టంలోకి వచ్చి, కారు కింద దూరి, అక్కడి నుంచే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"డిఫరెన్షియల్ పోయింది టీచరమ్మా. గీ గుండు. ఇది ఏం పని చేస్తదో ఎరుకేనా? బండి మూల తిరిగినప్పుడు లోపలి చక్రం తక్కువ నడుస్తది, బయటిది ఎక్కువ నడుస్తది. రెండిట్ని ఒక్కతీరు తిప్పితె టైర్లు గీస్కపోయి ఖరాబైతయి. ఇది నడిమిట్ల కూసోని ఎవరి నడక వాళ్ళను నడవనిస్తది. ఇంజను జోరును పంచుతది."

మా ఇంట్లో ఆ పని ఎవరు చేసేవారో నాకు గుర్తొచ్చింది. మేస్త్రి కారును ఇటుకల మీద నిలబెట్టి, ఆ ఇనుప గుండును ఊడదీసి, గోనెలో చుట్టి రిక్షాలో తన దుకాణానికి తీసుకుపోయాడు. మామయ్య ఆ రిక్షా సందు దాటే దాకా చూశారు.

మర్నాడు బడి అయ్యాక నేను అతని దుకాణానికి వెళ్ళాను. మేస్త్రి అప్పుడే మూత విప్పుతున్నాడు. విప్పి, లోపల వేలు పెట్టి, వేలు బయటికి తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏందమ్మా ఇది? దీంట్ల పోసే నూనె గిట్ల ఉండదు."

నల్లటి ముద్ద. లోపలి గోడలకంతా కాటుకలా పట్టుకుని ఉంది. నూనె చుక్క లేదు. మేస్త్రి పుల్లతో గీకుతూ గీకుతూ ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"కందెన! అరే, ఇది ఎడ్లబండి కందెన! ఆముదంల గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసుకు పెడ్తరు సూడు, గది. మా నాయిన గూడ పెట్టెటోడు. ఎవడో మంచి నూనెంత కింద వదిలేసి, గిది కూరిండు. ముద్దలెక్క ఉన్నది గద, కొన్ని దినాలు చప్పుడును మింగింది. తర్వాత లోపల పండ్లనే తిన్నది. సూడు, ఒక్క పన్నన్న సక్కగ ఉన్నదా?"

నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. ఆముదం తాగినట్టే ఉండి ఉంటుంది నా ముఖం. నాకు ఒక్కొక్కటే కనిపించసాగింది. నేను గడప మీద పెట్టిన సీసాలు. పెరట్లో మూలన కాలిన గడ్డి. మా ఆయన పనిముట్ల పెట్టెలో చోటు మారిన పానా. కొడుకు కారులో నూనె మార్చేటప్పుడు మామయ్య పక్కన నిలబడి చూసి ఉంటారు. గుండుకు ఏ మర ఎక్కడుందో తెలుసు. కంపు కొట్టే ఆ పాత నూనె మురికిదని, తనకు తెలిసిన మంచి మందు వేశారు. జీవితమంతా ఇరుసులకు వేసిన మందే వేశారు. మోత ఆగితే ఎంత మురిసిపోయి ఉంటారో! పిల్లికి మీగడ ఎందుకు దొరికిందో ఇప్పుడు అర్థమైంది.

"పెద్దాయనే గద?" అన్నాడు మేస్త్రి, నెమ్మదిగా. "నేను చెప్త తియ్యమ్మా. గట్ల చెయ్యొద్దని మంచిగనే చెప్త. మల్ల పెడితె కొత్తది గూడ పోతది."

"వద్దు. చెప్పొద్దు."

"మరి మల్ల పెడ్తె?"

"కొడుకు బండిని తనే ఖరాబు చేసిన్నని తెలిస్తె ఆయన ఒక్క దినం ఉండడు మేస్త్రీ. సంచి తీస్కొని పోతడు."

మేస్త్రికి నా పూర్తి సంగతి తెలియదు. అయినా చాలాసేపు పాన్ నమిలి, "నీ ఇంటి ముచ్చట నీకెరుక. నేనైతె నోరిప్ప" అన్నాడు. నోరే బతుకైన మనిషి ఆ మాట ఇవ్వడం చిన్న సంగతి కాదు.

ఆ గుండులో ఒక పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే ఒక చిన్న పళ్ళచక్రం ఉంటాయి. రెండింటినీ ఒకదానితో ఒకటి అరగదీసి జోడీగా చేస్తారట. ఒకటి విరిగితే రెండూ మార్చాలి. అలాంటి కారే ఇంకొకటి ఎక్కడో ఒక దేవిడీ గుర్రపుశాలలో పడి ఉందని మేస్త్రికి తెలుసు. దాని కోసం తిరుగుతూనే ఉన్నాడు. కావలివాడు ఒకరోజు ఉండడు, ఇంకోరోజు ఉన్నా తలుపు తీయడు. మూడోసారికి తీస్తే, కారు సీటు మీద కోడి గుడ్లు పొదుగుతోంది. పిల్లలయ్యే దాకా కదిలించొద్దని ఆ ఇంటి ముసలమ్మ పట్టు పట్టింది. ఆ కోడి గుడ్ల మీద నా బతుకు ఆగింది. ఈ లోపల మామయ్య, కూరగాయల బండి మీద ఊరి నుంచి వచ్చిన మనిషితో తమ్ముడి కొడుకుకు కబురు పంపారు, తాను వస్తున్నానని. ఆ సంగతి పిల్లికి కూడా చెప్పలేదు. ఆ వచ్చిన మనిషే నాకు చెప్పి పోయాడు.

కోడి పిల్లలను చేసింది. గుండు వచ్చింది. మేస్త్రి దాన్ని కడిగి, విప్పి, మళ్ళీ బిగిస్తూ నాతో అన్నాడు.

"అమ్మా, నువ్వు బేగం బజార్ దిక్కు పోతవు గద. జర సిందూరం తే. పండ్లకు పూసి తిప్పితె ఏడ తగులుతుందో తెలుస్తది." అనేశాక నాలుక కరుచుకున్నాడు. "వద్దులే, నేనే తెస్త."

"నేనే తెస్త" అన్నాను. నాకు మొండితనం వచ్చింది.

బేగం బజార్‌లో పూజ సామాను అమ్మే దుకాణదారు మా నాన్నకు దోస్తు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. సిందూరం అనగానే నా నుదురు చూసి, చూపు కిందికి దించుకుని, "హనుమంతుని గుడికా బిడ్డా?" అన్నాడు. "కాదు, కారుకు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కాగితంలో కట్టి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి నా వైపు జరిపాడు. పసుపు, కుంకుమ, సిందూరం ముండమోపి చేతికి ఇవ్వకూడదని ఆయన నేర్చుకున్నాడు, అంతే. ఆయన తప్పు లేదు. అయినా ఒళ్ళు మండింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ పొట్లం గుప్పిట్లో గట్టిగా పట్టుకుని నడిచాను.

మేస్త్రి సిందూరాన్ని నూనెలో కలిపి, కుంచెతో ఒక్కొక్క పన్నుకు పూసి, చేత్తో మెల్లగా తిప్పాడు. పన్నుకు పన్ను తగిలిన చోట ఎరుపు చెదిరి ఇనుము బయటపడింది. "నడిమిట్ల తగలాలె. అంచుకు తగిలితె ఏడుస్తది, విరుగుతది" అంటూ పలచటి రేకులు పెడుతూ తీస్తూ సరిచేశాడు. మచ్చ నడిమికి వచ్చేసరికి పొద్దు వాలింది. మధ్యమధ్యలో కుంచె అందుకున్న నా వేళ్ళకు రంగు అంటింది. కిరసనాయిలుతో రుద్దినా గోళ్ళ సందుల్లో మిగిలింది. అన్నం పెడుతుంటే మామయ్య నా వేళ్ళను చూశారు. పిల్లి పక్కనే ఉంది, దానికేమీ చెప్పలేదు.

బిగించే రోజు మేస్త్రి మా కొట్టంలోనే పని చేశాడు. మామయ్య గడప మీద కూర్చుని చూశారు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మేస్త్రి కొత్త నూనె పోసి మర బిగించి, చేతులు తుడుచుకుంటుంటే మామయ్య అడిగారు.

"ఏమైండె మేస్త్రీ దానికి?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను మేస్త్రితోనే, "ఇనుము పాతదై అరిగింది, అని చెప్పు" అన్నాను.

"ఇనుం అరిగింది పెద్దయ్యా. మనుషులమే అరుగుతం, ఇనుమెంత."

మామయ్య తల ఊపారు. ఆయన ముఖంలో బరువేదో దిగినట్టు కనిపించింది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, చిన్నపిల్లాడు తాను చేసిన పని చెప్పుకున్నట్టు చెప్పారు.

"నేను గూడ దానికి కందెన పెట్టిన. మంచి కందెన, నా చేతులతోటి నూరింది. జర ఆగిందిగని, ఆఖరుకు ఆగలే. ఇప్పుడు కొత్తది పడ్డది గద, నెలకొకపాలి పెడ్త. పెట్టాలె గద?"

మేస్త్రి మాటిచ్చిన మనిషి. నేల చూశాడు. పిల్లి ఎక్కడికో పోయింది. తలుపుకు చెబితే సరిపోయే మాట కాదు ఇది. నేను కొట్టంలోకి దిగి, మామయ్య ఎదుట నిలబడి, ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి ఆయన ముఖం చూసి మాట్లాడాను.

"మామయ్యా, ఇంకెప్పుడు దానికి కందెన పెట్టకుండ్రి."

ఆయన కళ్ళెత్తి చూశారు. నా మాట కంటే ముందు, నేను మాట్లాడటమే ఆయనకు అర్థమైంది. కోడలు గడప దిగి నోరు తెరిచిందంటే ఎంత పెద్ద సంగతై ఉండాలి! ఆయన మెల్లగా కారు కేసి, మేస్త్రి చేతుల కేసి, మళ్ళీ నా కేసి చూశారు.

"నేనేనా బిడ్డా?"

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"కాదు" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన లేచి వసారాలోకి వెళ్ళి, చిలక్కొయ్యకు ఉన్న సంచి తీసుకుని, ధోవతులు మడత పెట్టడం మొదలుపెట్టారు. ఉంచుకోవడానికి చేసిన పనంతా ఆయనను పంపడానికే అయింది. మేస్త్రి తన పనిముట్లు ఏరుకుంటూ, నన్ను చూడకుండా, "పోయొస్త టీచరమ్మా" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గౌలిగూడ బస్ స్టాండుకు నేనే దించుతానన్నాను. వద్దంటారనుకున్నాను. ఆయన కాసేపు కారు పక్కన నిలబడి, ముక్కు మీద చెయ్యి వేసి, తర్వాత తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. సంచి ఒళ్ళో పెట్టుకుని, భుజం నాకు తగలకుండా తలుపుకు అతుక్కుని, ఒదిగి కూర్చున్నారు. ఆబిడ్స్ దాటాం. దుకాణాలు ఇంకా తెరవలేదు. కారు నీళ్ళ మీద పోయినట్టు పోతోంది. ఆ పాత మోత ఉన్నా బాగుండేది, మాట్లాడకపోవడానికి ఒక సాకు ఉండేది. కోఠి దగ్గరికి వచ్చాక నేనే అన్నాను.

"పోకుండ్రి మామయ్యా. మీరు పోతె నేను ఒక్కదాన్నైత."

ఆయన రోడ్డు మీదనే చూపు పెట్టి చెప్పారు.

"ఉంటె నా చేతులు ఊకుంటయా బిడ్డా? మల్ల ఏదో ఒకటి చేస్త. వాడు పోయినప్పుడు ఏం చెయ్యలేకపోయిన, వాని బండికన్న ఏదో చేద్దామనుకున్న. గదీ గిట్లయింది. నాకొచ్చింది ఒక్కటే పని. నా తమ్ముని కొడుకుకు ఎడ్లున్నయి, బండున్నది. గాడ నా కందెనకు ఇరుసున్నది."

ఆయన మాట నిజం. ఇన్నాళ్ళూ ఆయనను నా కోసం ఉంచుకున్నానే కానీ, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఏమైపోతున్నాడో ఆలోచించలేదు. మలుపు తిరిగాక ఆయనే, "మంచిగ తోలుతున్నవు. వానికంటె నయం. వాడు మూలల కాడ గుంజెటోడు" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బస్ స్టాండులో కాళ్ళకు దండం పెట్టబోయి చూస్తే ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు. కారులో విడిచారేమోనని వెనక్కి పరుగెత్తి చూశాను, లేవు. తిరిగొచ్చేసరికి ఆయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. "చెప్పులు మామయ్యా!" అని అరిచాను. ఆయన చెయ్యి ఎత్తి, పోయి రా అన్నట్టు ఊపారు. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి తాళం తీయబోతుంటే గడప పక్కన కనిపించాయి చెప్పులు. మరిచిపోయారనుకుని తీసుకోబోయాను. బస్సును దారిలో అందుకోవచ్చు, ఆ కారుకు అదో లెక్క కాదు. వంగినదాన్ని ఆగిపోయాను. ఎప్పుడూ అడ్డదిడ్డంగా విడిచిపోయే మనిషి. ఇవాళ తుడిచి, జోడుగా పెట్టి, ముక్కులు ఇంటి లోపలికి తిప్పి, సందులో పోయేవాళ్ళకు కనబడేట్టు పెట్టారు. పక్కన గోడకు ఆనించి కర్ర ఉంది. మాసికం రోజు అన్నయ్య అన్న మాటలు ఆయన చెవిన పడ్డాయని అప్పటిదాకా నాకు తెలియదు. పల్లెకు ఆయన ఉత్తకాళ్ళతో వెళ్ళారు.

వాటిని నేను కదిలించలేదు. వాన పడితే లోపలికి తెచ్చి, వెలిసాక మళ్ళీ అట్లాగే పెట్టేదాన్ని. ఇంట్లో దగ్గు లేదు, పిల్లి కూడా రావడం మానేసింది. బడి నుంచి వచ్చి దీపం వెలిగించుకుని, ఒక్కదానికి వండుకుని తినేదాన్ని. చెప్పొద్దూ, చాలా భయమేసేది.

దీపావళికి అన్నయ్య మిఠాయి పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర పెద్ద గొంతుతో పిలుస్తూ వచ్చినవాడు గడప దగ్గర చెప్పులు చూసి గొంతు తగ్గించాడు.

"మామ పండుకున్నడా?"

"ఔ" అన్నాను. "ఇప్పుడే పండుకున్నరు."

అన్నయ్య తన చెప్పులు వాటి పక్కన విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.